కార్డులక్క డేటాబేస్

ఆ కార్యశాలలో కాళ్ళు చేస్తారు. మోకాలి పైనుంచి కాలు పోయినవాళ్ళు చంకకర్రల మీద వస్తారు, నెలా రెండు నెలలు తిరుగుతారు, రెండు కాళ్ళ మీద వెళ్తారు. ముందు గదిలో కొలతలు, వెనక గదిలో ప్లాస్టరు దుమ్ము, రెండింటికీ మధ్య గుమ్మానికి ఆనుకుని ఏడు సొరుగుల ఇనప బీరువా. సొరుగుల నిండా కార్డులు. ఆ బీరువాకి కాపలా కార్డులక్క.

ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. ఆవిడ కుడికాలు కూడా ఇక్కడ చేసిందే. ఇరవై రెండేళ్ళ కిందట ఒక లారీ పుణ్యమా అని కాలు పోగొట్టుకుని, కొత్తది కట్టించుకోవడానికి వచ్చింది. కాలు తయారయ్యేదాకా ఖాళీగా కూర్చోలేక బల్లమీద చిందరవందరగా పడి ఉన్న కార్డులు సర్దింది. కాలు తయారైంది, నడక వచ్చింది, ఆవిడ మాత్రం ఆ కుర్చీ వదల్లేదు. వదలమనే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

కాళ్ళు కట్టే మేస్త్రీ అరవై ఆరేళ్ళ మనిషి, మాట బహు పొదుపు. పని బాగుంటే నోరు మెదపడు. తప్పయితేనే తెరుస్తాడు. వచ్చినవాళ్ళని గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి, వాళ్ళ నడక గురించి ఒకటి రెండు మాటలు చెప్తాడు. వాటిని కార్డులో అట్టడుగు గీత మీద కార్డులక్క రాస్తుంది. "కుడివైపు ఒరుగు." "మెట్లంటే భయం." "మడమ ముందు అరుగుతుంది, బరువు మోసే పని." ఆ రెండు మాటలు చూసే తర్వాత వచ్చినప్పుడు కాలు సరిచేస్తారు. అందుకే కార్డు అక్కడ కాలంత ముఖ్యం.

సోమవారం పొద్దున్నే పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. కార్యశాలలన్నీ తమ మనుషుల వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కించాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి దాన్ని పట్టుకెళ్తాడు, కార్డులు తుక్కు కాగితాల కింద పోతాయి. ఒకటో తారీఖు నుంచి డేటాబేస్‌లో లేని మనిషికి కీలు గానీ పాదం గానీ మంజూరు కాదు.

ఆ చివరి వాక్యం కార్డులక్క రెండుసార్లు చదివింది. కీలు అంటే మోకాలి దగ్గర వంగే ఇనప ముక్క. ఏళ్ళ తరబడి వాడితే అరుగుతుంది. అరిగిన కీలు ఉన్నపళంగా మడుచుకుపోతుంది, మనిషి బొక్కబోర్లా పడతాడు. మంజూరు కాదంటే, పడతాడని అర్థం.

"ఆరు వందల పదకొండు మంది," అంది ఆవిడ.

"ఐదు రోజులు," అన్నాడు మేస్త్రీ.

"ఆరు నూరైనా సరే, ఒక్కరు కూడా బయట మిగలకూడదు మేస్త్రీగారూ."

మేస్త్రీ ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నాడన్నమాట.

ఒప్పుకోవడం బాగానే ఉంది, డేటాబేస్ అంటే ఏమిటో తెలిసిన ప్రాణి ఆ కార్యశాలలో లేదు. తెలిసిన ప్రాణి ఇంట్లో ఉంది. కార్డులక్క తోడికోడలు, మరిది భార్య, పై అంతస్తులో ఉంటుంది, ఏదో పెద్ద కంపెనీ డేటాబేస్‌లు చూసుకోవడమే ఆమె ఉద్యోగం. చిక్కల్లా ఒకటే. నెల రోజుల కిందట అందరూ కూర్చుని భోంచేస్తుండగా ఆ పిల్ల నవ్వుతూ, "అక్కా, మీ కార్డులన్నీ ఒకరోజు ఎలకల పాలవుతాయి చూడండి" అంది. కార్డులక్క కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆనాటి నుంచి పై ఇంటికీ కింది ఇంటికీ గిన్నెలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి, మాటలు మాత్రం మెట్ల మధ్యే ఆగిపోతున్నాయి.

అవసరం మనది. కార్డులక్క సోమవారం సాయంత్రం పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. మెట్లంటే ఆవిడకి ఇష్టం లేదు, తలుపు తట్టడం అంతకంటే ఇష్టం లేదు.

"ఎలకలు ఇంకా తినలేదు," అంది తలుపు తెరుచుకోగానే. "ఈలోగా ఎక్కించాలి. నేర్పుతావా?"

తోడికోడలు ఆవిడ మొహం చూసింది, కాగితం చదివింది. "రేపు సెలవు పెడతానక్కా," అంది. క్షమాపణలు లేవు, బుజ్జగింపులు లేవు. తోడికోడళ్ళ మధ్య సంధి అంతకంటే వివరంగా ఎక్కడా జరగదు.

మంగళవారం తోడికోడలు కార్యశాల కంప్యూటర్‌ని చూసి దండం పెట్టింది. అది ఎప్పుడో ఎవరో దానమిచ్చింది. ఆన్ చేస్తే వెనక గదిలో సానరాయి తిరిగినంత చప్పుడు. "దీనిమీద బొమ్మలూ బటన్లూ ఉన్న ప్రోగ్రాములు ఎక్కవక్కా. నల్లతెర మీదే చేద్దాం. మాట టైపు చేస్తే పని చేస్తుంది. నేను చెప్తాను, చెయ్యి మాత్రం మీదే. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు నేను పక్కన ఉంటానో ఉండనో."

"ఉండకపోయినా చేసేట్టు నేర్పు," అంది కార్డులక్క.

తెర నిజంగానే నల్లగా ఉంది. ఒక మూల తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది. "క్రియేట్ డీబీ అని కలిపి కొట్టండి. చిన్నక్షరాలు. ఒక ఖాళీ. తర్వాత పేరు. డేటాబేస్‌కి ఏం పేరు పెడతారు?"

కార్డులక్క చుట్టూ చూసింది. గోడకి వేలాడేవి, బల్లమీద పడుకున్నవి, బట్ట కప్పుకుని మూలన నిలబడ్డవి. "కాళ్ళు," అంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో కాళ్ళు అని కొట్టి, ఎంటర్ నొక్కింది.

ఏమీ కాలేదు. గీత ఒక వరస కిందకి దిగి మళ్ళీ మిణుకుమంది, అంతే.

"చెడిపోయింది," అంది కార్డులక్క.

"లేదు, అయిపోయింది."

"అయిపోతే చెప్పదా?"

"చెప్పదు. పనైతే మాట్లాడదు. తప్పయితేనే నోరు తెరుస్తుంది."

కార్డులక్క మేస్త్రీ వంక చూసింది. ఆయన ప్లాస్టరు తడుపుతూ తల కూడా ఎత్తలేదు. అయినా ఆవిడకి నమ్మకం కుదరక అదే మాట మళ్ళీ కొట్టింది. ఈసారి తెర నోరు తెరిచింది. కాళ్ళు అనే డేటాబేస్ ఇప్పటికే ఉందని చెప్పింది.

"ఉందట!" అంది కార్డులక్క. మొహం విప్పారింది. ఏడు సొరుగుల బీరువా కొనడానికి పెద్దాఫీసు అప్పట్లో మూడేళ్ళు తీసుకుంది మరి. ఇది రెండు మాటలకే పుట్టింది.

పుట్టినది ఖాళీ ఇల్లు, అందులో గదులు కట్టాలి అంది తోడికోడలు. గది అంటే పట్టిక. పట్టికలో నిలువు గడులకి పేర్లుంటాయి. కార్డులక్క కార్డు మీద ఉన్నవన్నీ చదువుకుపోయింది, పేరు, వయసు, ఏ కాలు, కొలతలు, నడక.

"వీటిలో మనిషిని గుర్తుపట్టేది ఏదక్కా? ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు. పేర్లు కలవొచ్చు, వయసులు కలవొచ్చు."

"నంబరు," అంది కార్డులక్క, ఆలోచించకుండా. "ఇక్కడ మనిషంటే నంబరే. ఎనభై ఎనిమిది వచ్చింది, మూడొందల ఆరు రేపొస్తాడు, ఇలాగే అనుకుంటాం."

తోడికోడలు నమ్మింది. ఎందుకు నమ్మదు? ఇరవై రెండేళ్ళు కార్డుల్లో మునిగిన మనిషి చెప్పిన మాట.

వాక్యం చివర సెమీకోలన్ పెట్టాలి. పెట్టకపోతే ఆ నల్లతెర ఊఁ అనదు, ఇంకా ఏదో చెప్తారని గీత ఆడిస్తూ కూర్చుంటుంది. మొదటి గంటలో కార్డులక్క ఇరవైసార్లు మర్చిపోయింది, రెండో గంటలో రెండుసార్లు. పైబాణం నొక్కితే ఇందాక కొట్టిన వాక్యం తిరిగొస్తుందనీ, అందులో పేరూ అంకెలూ మారిస్తే చాలుననీ తెలిశాక ఇక ఆవిడ్ని ఆపేవాళ్ళు లేకపోయారు. కార్డులు జనం వచ్చిన ఏడాదిని బట్టి సొరుగుల్లో ఉంటాయి. సాయంత్రానికి రెండు సొరుగులు ఖాళీ. రెండు వందల నలభై మంది.

బుధవారం పొద్దున మూడో సొరుగు తెరిచి మొదటి కార్డు కొట్టింది. తెర నోరు తెరిచింది. ఎనభై ఎనిమిది ఇప్పటికే ఉంది, ఇంకొకటి కుదరదు.

సరిచూసుకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. ఆ కార్డు పక్కనపెట్టి తర్వాతది కొట్టింది. అదీ వద్దంది. తోడికోడలికి ఫోను చేసింది, ఆ పిల్ల ఆఫీసుకి మళ్ళీ సెలవు చెప్పి పరుగున వచ్చింది.

"ఎనభై ఎనిమిది నంబరుతో ఇద్దరున్నారా అక్కా?"

"ఇద్దరేమిటి, ముగ్గురు. పొడుగు ఎనభై ఎనిమిది, బడి ఎనభై ఎనిమిది, కుట్టు ఎనభై ఎనిమిది."

తోడికోడలు పక్కనపెట్టిన కార్డు చేతిలోకి తీసుకుంది. "ఒకే నంబరు ముగ్గురికి ఎలా ఇచ్చారు?"

"మేమెక్కడ ఇచ్చాం? నంబరు కీలు మీద కొట్టి ఉంటుంది." కార్డులక్కకి ఇందులో వింతేముందో అర్థం కాలేదు. పొడుగావిడకి మొదట ఎనభై ఎనిమిదో కీలు పెట్టారు, కార్డు మీద ఆ నంబరు రాశారు. కొన్నేళ్ళకి తేలికరకం కీళ్ళు వస్తే ఆవిడకి మూడొందల నలభై పెట్టారు. కానీ మొదటి నంబరే మనిషి నంబరు, అది ఆ కార్యశాల ఆచారం. ఊడదీసిన ఎనభై ఎనిమిదిని శుభ్రం చేసి బడిపంతులమ్మకి పెట్టారు, ఆవిడ కూడా ఎనభై ఎనిమిదే. ఆ తర్వాత దర్జీకి. మొహం చూస్తే ఎవరో తెలుస్తుంది కాబట్టి ఇన్నేళ్ళూ ఏ గొడవా రాలేదు.

"మొహం చూస్తే మీకు తెలుస్తుందక్కా. దీనికి మొహం ఎక్కడ కనపడుతుంది?" అంది తోడికోడలు తెరను చూపిస్తూ. "ఇలాంటివాళ్ళు ఎంతమంది?"

సొరుగులు తిరగేసి లెక్కపెట్టారు. తెర వద్దనేవాళ్ళు నూట నలభై ముగ్గురు.

నూట నలభై ముగ్గురి మొహాలూ కార్డులక్కకి తెలుసు. బస్సు దిగి కుంటుకుంటూ వచ్చి, "అక్కా, చప్పుడొస్తోంది చూడు" అనే మొహాలు. వాళ్ళతో ఏమని చెప్పాలి, నీ నంబరు ఇంకొకరు ముందు పట్టుకుపోయారు, ఇక నువ్వు పడిపోతే పడిపో అనా? తప్పు తనదే. మనిషంటే నంబరే అని చెప్పింది తనే.

తోడికోడలు గోళ్ళు కొరుకుతూ ఆలోచించింది. "ఒక ఉపాయం ఉందక్కా. రెండోవాళ్ళకి పక్కన ఒక అక్షరం తగిలిద్దాం. ఎనభై ఎనిమిది ఏ, ఎనభై ఎనిమిది బీ. నిన్నటి పని పోదు. సాయంత్రానికి గట్టెక్కేస్తాం."

కార్డులక్క సరేనని అనబోయింది. వెనక గది నుంచి మేస్త్రీ నోరు తెరిచాడు.

"కొలత తప్పిన గిన్నెలో గుడ్డ కుక్కితే?"

గిన్నె అంటే మిగిలిన తొడ దిగే తొట్టిలాంటి భాగం. ఎవరి గిన్నె వాళ్ళకే పోతపోస్తారు. కొలత ఒక వేలు తప్పినా వదులుగా ఉంటుంది, వదులైతే జనం గుడ్డలు కుక్కుకుంటారు. నెల తిరక్కుండా లోపల పుండు పడుతుంది. అలాంటి గిన్నె కనపడితే మేస్త్రీ బాగుచెయ్యడు, పగలగొడతాడు. కార్డులక్క ఆ పగిలే చప్పుడు ఇరవై రెండేళ్ళుగా వింటోంది.

"కూలగొడదాం," అంది ఆవిడ.

"అక్కా! రెండొందల నలభై కార్డులు. ఇవాళ బుధవారం."

"వారం నాకూ తెలుసు. నంబరు కీలుది, మనిషిది కాదు. కీలుకి ఒక గది కట్టు, మనుషులకి ఒక గది కట్టు. ఏ మనిషి ఏ కీలుని ఎప్పటి నుంచి ఎప్పటిదాకా తొడుక్కుందో దానికి ఇంకొక గది. అలా కట్టొచ్చా, కట్టకూడదా?"

"మా ఆఫీసులో ఈ మాట చెప్పడానికి ఒకాయన ఉన్నాడక్కా, దానికే జీతం," అంది తోడికోడలు. "కట్టొచ్చు. అలాగే కట్టాలి. కానీ శుక్రవారానికి అవ్వదు."

"అవుతుంది."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!"

"అయితే తీసుకురండి," అన్నాడు మేస్త్రీ. "నాలుగోది నేను కడతా."

ఆ మనిషి హాస్యమాడటం కార్డులక్క ఎరిగి అదే మొదటిసారి. నవ్వడానికి మాత్రం టైము లేదు.

కూలగొట్టే మాట కూడా ఆవిడే కొట్టింది. డ్రాప్ డీబీ, ఒక ఖాళీ, కాళ్ళు. ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది. నిన్నంతా వంచిన నడుము ఇంకా నొప్పి పెడుతూనే ఉంది. నొక్కింది. తెర ఏమీ అనలేదు. తర్వాత ఎవరూ చెప్పకుండానే, ఎవరి మొహమూ చూడకుండా, క్రియేట్ డీబీ కొట్టి, ఖాళీ వదిలి, కొత్త పేరు కొట్టింది. మనుషులు.

ఇక పని మొదలైంది. కీళ్ళ మీద కొట్టిన నంబర్లు మేస్త్రీ రాసుకునే పుస్తకం చూసి, విరిగినవీ అరలో ఉన్నవీ సహా, ముందు కీళ్ళ గది నింపారు. మేస్త్రీ చేతులు కడుక్కుని వచ్చి బీరువా పక్కన ముక్కాలి పీట వేసుకున్నాడు. కార్డు తీసి చదవడం ఆయన వంతు, కొట్టడం ఆవిడ వంతు, అయిపోయిన కార్డుకి మూల కత్తిరించడం తోడికోడలి వంతు. ప్రతి మనిషికీ తెర తనంతట తనే ఒక కొత్త అంకె ఇస్తోంది, ఒకటి, రెండు, మూడు, ఎవరిది వాళ్ళకి. కార్డు మీద లేనివి మేస్త్రీ బుర్రలోంచి వచ్చాయి. ఫలానా కీలు ఫలానా మనిషి దగ్గర నుంచి ఏ వానాకాలంలో ఊడదీశాడో, ఎవరికి పెట్టాడో, ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. అంత మాట్లాడటం అలవాటులేక గురువారం మధ్యాహ్నానికి ఆయన గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. నడక కోసం వచ్చినవాళ్ళు కూడా కూర్చుని చూశారు. వాళ్ళలో కుట్టు ఎనభై ఎనిమిది ఒకడు. తన వరస తెరమీదకి ఎక్కేదాకా కదలనని భీష్మించుకున్నాడు. ఎక్కాక లేచి, కార్డులక్కకి నమస్కారం పెట్టి, చప్పుడు చేస్తున్న కాలితోనే వెళ్ళాడు.

శుక్రవారం రెండున్నరకి ఆఖరి కార్డు అయిపోయింది. ఆరు వందల పదకొండు. తోడికోడలు చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ మూడింటికే దిగాడు. చిన్న వ్యాను, వెనక తలుపు అప్పుడే తెరిచి పెట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడే, కాకపోతే చేతిలో గడియారం తప్ప ఆయనకి వేరే దేవుడు లేడు. "ఎనభై ఎనిమిది చూపించండి మేడమ్," అన్నాడు. ఏ నంబరు అడిగినా అడిగేవాడు, నోటికొచ్చింది అడిగాడు. కార్డులక్క కొట్టింది, సెమీకోలన్ పెట్టింది. మూడు వరసలు వచ్చాయి.

"ఒక నంబరుకి ముగ్గురేమిటి? ఇద్దర్ని తీసెయ్యండి."

"తియ్యను," అంది కార్డులక్క. సొరుగు లాగి పెద్దాఫీసు పంపిన కాగితమే ఆయన చేతిలో పెట్టింది. "ప్రతి మనిషికీ ఒక వరస ఉండాలని రాశారు. ప్రతి నంబరుకీ అని ఎక్కడ రాశారో చూపించండి, తీసేస్తాను. ముగ్గురు మనుషులు, మూడు వరసలు. ఇప్పుడు ఆ కీలు ఎవరి దగ్గరుందో చివరి గడిలో ఉంది."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. తిప్పినంత మాత్రాన కొత్తమాటలు పుట్టవు కదా. తల ఊపాడు. "సరే. నాలుగింటికి సీలు వేస్తాను. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చడానికి లేదు. ఈలోగా కార్డులు ఎక్కించుకుంటాను."

వ్యాను మనుషులు మొదటి సొరుగు దించుతుండగా తోడికోడలు, "ఆఖరిసారి ఒకటి చూద్దామక్కా," అంది. "ఎవరి దగ్గరా లేని కీళ్ళు చూపించమని అడగండి. విరిగినవీ, అరలో ఉన్నవీ కాక."

ఏమీ రాకూడదు. ఒకటి వచ్చింది. రెండు వందల పన్నెండు.

మేస్త్రీ పీట మీంచి లేచాడు. కీళ్ళ నంబర్ల పుస్తకం తెరిచాడు. అందులో ఉంది. తుక్కు పెట్టె బోర్లించి విరిగిన కీళ్ళన్నీ నేలమీద పరిచారు, ఇరవై రెండు, రాసుకున్నట్టే. అరలో ఆరు, అవీ సరే. "ఎవరో ఒకరు తొడుక్కునే తిరుగుతున్నారు," అంది కార్డులక్క. "ఒక కార్డు పోయింది. నా చేతిలోనే పోయింది. ఎవరో ఒక మనిషి ఒకటో తారీఖున వచ్చి నా ఎదురుగా నిలబడతారు, నీకు రాదు పొమ్మని నేనే చెప్పాలి." బీరువా వెనకకి చెయ్యి పెట్టి తడిమింది. సొరుగుల అడుగున తడిమింది. వ్యాను మనుషుల్ని ఆపి, దించిన సొరుగులో వెతికింది. మూడూ నలభై అయింది.

తోడికోడలు కంప్యూటర్ ముందే నిలబడి ఉంది. వెతకడం లేదు. వంగి లేస్తూ హడావిడి పడుతున్న కార్డులక్క వంక చూస్తోంది.

"అక్కా, మీ కాలి మీద నంబరెంత?"

కార్డులక్క బీరువా పట్టుకుని నిలబడిపోయింది. తెలియదు. నంబరు కీలుకి వెనకవైపు, మోకాలి మడతలో ఉంటుంది. ఎవరిది వాళ్ళకి కనపడదు. అందరి మోకాళ్ళ వెనకా చదివి రాసుకుంది, తన వెనక ఎవరు చదవాలి? కాలు కట్టినరోజున కార్డులు సర్దే హడావిడిలో తన కార్డు రాసుకోలేదు. ఆ తర్వాత ఇంటి మనిషైపోయింది, చప్పుడొస్తే మేస్త్రీ అక్కడికక్కడే నూనె వేసేవాడు, కార్డుతో పనిలేకపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మేస్త్రీ ముందుకొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆవిడ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూశాడు.

"రెండొందల పన్నెండు," అన్నాడు.

కార్డులక్కకి సిగ్గేసింది, కోపం వచ్చింది, రెండూ తనమీదే. ఒక్కరు కూడా బయట మిగలకూడదని ఐదురోజులు పంతం పట్టిన మనిషి, తనని తానే బయట వదిలేసుకుంది. "పోనీలెండి," అంది, వినీ వినపడనట్టు. "నాదేముంది. టైమైపోయింది, ఆయన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం."

"ఏమన్నారు?" అంది తోడికోడలు. ఆ పిల్ల గొంతు అంత పైకి లేవడం ఇంట్లో ఎవరూ విని ఉండరు. "నూట నలభై ముగ్గురి కోసం కట్టిన ఇల్లు మీ చేత్తో మీరే కూలగొట్టారు. ఇప్పుడు పోనీలెండి అంటారా? రేపు మీరు పడితే చూసేది మేమక్కా! కూర్చోండి. కొట్టండి."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "పదిహేను నిమిషాలున్నాయి," అని తనే కుర్చీ జరిపాడు.

ఆవిడ కూర్చుంది. మేస్త్రీ చేతిలో కార్డు లేదు, అయినా కార్డు చదివినట్టే వరసగా అడిగాడు, అందరినీ అడిగినట్టే. పేరు. చెప్పుకుంటూ కొట్టింది. వయసు. ఏ కాలు. ఎప్పటి నుంచి. ఆ తారీఖు ఆవిడకి గుర్తులేదు, ఆయనకి ఉంది. చివరి గడి మిగిలింది, నడక.

"నడవాలి," అన్నాడు మేస్త్రీ.

"ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారు కదా మేస్త్రీగారూ!"

"నడవందే రాయం."

లేచి, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. వందలమందిని ఆ బాట మీద చూసిన ఆవిడకి అది అంత పొడుగని తెలియదు. ఇన్‌స్పెక్టర్, వ్యాను మనుషులు, తోడికోడలు, అందరూ చూస్తున్నారు. తల దించుకోలేదు. గోడ ముట్టుకుని వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, వేళ్ళు మీటల మీద పెట్టుకుంది.

మేస్త్రీ పోయిన గొంతుతో ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు. ఆయన అంత పొడుగు మాట ఏ కార్డుకీ చెప్పింది లేదు. కార్డులక్క ఒక్క అక్షరం వదలకుండా కొట్టింది.

"ఎడమ భుజం కొంచెం వంగుతుంది. మెట్లంటే ఇష్టం లేదు, అయినా ఎక్కుతుంది. తొందరెక్కువ. ఆగమంటే ఆగదు. కీలు బాగా అరిగింది, ఈ మనిషికి కొత్తది ముందు పెట్టాలి."